ఇటుక పెట్టి వెళ్ళిన నోట్‌బుక్కులు

ఆ సర్వర్ పెట్టింది నేను. ఇప్పటికీ నడుపుతున్నది నేనే. మొదటి ముక్క చెప్పుకోవడానికి నాకెవరూ అడ్డు రాలేదు. రెండో ముక్క కోసం మాత్రం ఒక వర్షాకాలంలో పోట్లాడాల్సి వచ్చింది.

కలకత్తాలో ఒక కాలేజీలో, కంప్యూటర్ విభాగానికి నేను లాబ్ అసిస్టెంటుని. పేరు వినడానికి బాగానే ఉంటుంది. పని మాత్రం తాళాలు తియ్యడం, ఫ్యాన్లు వెయ్యడం, మౌసు కదలట్లేదని ఎవరైనా అరిస్తే బల్ల కింద దూరి ఊడిన వైరు మళ్ళీ గుచ్చడం. పుట్టి పెరిగింది ఏక్‌బాల్‌పూర్ దగ్గర, కార్పొరేషన్ వీధులు ఊడ్చేవాళ్ళ క్వార్టర్లలో. ఇప్పుడూ అక్కడే ఉంటున్నాను. మా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి హౌరాలో దిగిన కుటుంబాలు మావి. అమ్మ రిటైరయ్యేదాకా ఈ ఊరి రోడ్లే ఊడ్చింది. క్వార్టర్ల వెనక అప్పట్లో చిన్న తెలుగు బడి ఉండేది కాబట్టి నాకు ఈ అక్షరాలు వచ్చాయి. నా తర్వాతి పిల్లలకి రాలేదు. వాళ్ళు తెలుగులో పోట్లాడుకుంటారు, బెంగాలీలో చదువుకుంటారు, హిందీలో పాటలు పాడుకుంటారు.

నాకు కోపం తొందరగా వస్తుంది. తగ్గించుకోమని చాలామంది పెద్దమనుషులు సలహా ఇచ్చారు. అలా సలహా ఇచ్చినవాళ్ళలో ఒక్కరికీ నేను గదిలోకి వెళ్తే కూర్చోమనే అలవాటు లేదు. అందుకని వాళ్ళ సలహా వాళ్ళ దగ్గరే ఉంచమన్నాను, మనసులో.

సర్వర్ ఎందుకు పెట్టానో చెప్పాలి. మా లాబ్‌లో ఇరవై కంప్యూటర్లున్నాయి. వాటిలో పనిచేసేవి ఎన్ని అన్నది ఆ రోజు వాతావరణాన్ని బట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలు ఇంటికెళ్ళి ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళు. లేని పిల్లలు లాబ్‌లో ఒక్కో కంప్యూటర్ చుట్టూ నలుగురు నిలబడి, అందులో టైపు చేసేవాడి వేళ్ళకేసి చూసేవాళ్ళు. చూస్తూ నేర్చుకుంటే వచ్చే విద్య కాదది. కానీ వాళ్ళందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. కాలేజీలో ఒక గట్టి మెషీన్ ఉంచి, దాని మీద అందరికీ తలో నోట్‌బుక్ ఇచ్చే పద్ధతి ఒకటుందని ఇంటర్నెట్‌లో చదివాను. పిల్లలు ఫోన్లో ఒక చిరునామా తెరిచి, పేరూ పాస్‌వర్డూ కొడితే ఎవరి నోట్‌బుక్ వాళ్ళకి తెరుచుకుంటుంది. వాళ్ళు అందులో కోడ్ రాస్తారు, దాన్ని నడిపే బరువంతా మన మెషీన్ మోస్తుంది. రాసింది అక్కడే భద్రంగా ఉంటుంది.

అలాంటి మెషీన్ మా స్టోర్ రూములోనే ఉంది. ఎప్పుడో ఎవరో చేసి ముగించిన పరిశోధన కోసం కొన్నది, పైన పాత తెర కప్పి ఉంది. మా విభాగాధిపతిని అడిగాను. ఆయన పెద్దవాడు, చాలా మెల్లగా మాట్లాడే బెంగాలీ మనిషి. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, నన్నేమీ అడక్కు అన్నారు. గట్టిగా అరిచేవాళ్ళంటే నాకు భయం లేదు, మా క్వార్టర్లలో అందరిదీ ఆ గొంతే. మెల్లగా మాట్లాడేవాళ్ళ ముందే నాకు మాట తడబడుతుంది. అందుకే ఆయన వద్దనకపోవడమే పెద్ద వరంగా తోచి, వెంటనే బయటపడ్డాను.

నెల రోజులు పట్టింది. నేర్పేవాళ్ళు లేరు, చదవడం, చెయ్యడం, చెడగొట్టడం, మళ్ళీ చదవడం. మొదటి వారం ఒకరి ఫోల్డర్లు ఇంకొకరికి కనబడిపోయాయి. ఒక మహానుభావుడు పక్కవాడి అసైన్‌మెంటు మొత్తం ఎత్తుకుని, పైన పక్కవాడి పేరు కూడా మార్చకుండా సమర్పించాడు. అది సరిచేశాను. తర్వాత మెమరీకి పరిమితి పెట్టాను, ఒక్కడి తప్పు ప్రోగ్రాము మెషీన్ మొత్తాన్ని మింగెయ్యకుండా. విద్యార్థికి ఇంత, అంతకు మించితే వాడిదొక్కడిదే ఆగిపోతుంది. మాస్టార్లకి మాత్రం పెట్టలేదు. పెట్టొద్దని ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ళకి గిరి గీయడమేమిటని నా చెయ్యి దానంతటదే ఆగింది. ఖాతాలు పెట్టే, తీసే అడ్మిన్ హక్కులు తనకీ ఉండాలన్నారు విభాగాధిపతి గారు, ఇచ్చాను. ఆ అడ్మిన్ పేజీ ఆయన ఒక్కసారి కూడా తెరవలేదు.

సర్వర్ పెట్టిన రెండేళ్ళకి, మా కాలేజీ మూడో సంవత్సరంలో మా క్వార్టర్ల పిల్లలు పదకొండు మంది ఉన్నారు. అందరూ ఆడపిల్లలే. వాళ్ళని చేర్పించడానికి ఇల్లిల్లూ తిరిగింది నేను. తల్లులందరూ మా అమ్మ ఊడ్చిన రోడ్లే ఊడుస్తున్నవాళ్ళు. కంప్యూటర్ చదువంటే ఇంట్లో కంప్యూటర్ ఉండాలి కదా అని ప్రతి ఇంట్లోనూ అదే ప్రశ్న. అక్కర్లేదు, ఫోనుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటానని ప్రతి గుమ్మంలోనూ మాటిచ్చాను. క్వార్టర్లలో నన్ను అక్కా అంటారు, కాలేజీ గేటు దాటగానే దిదీ అంటారు. చివరి సంవత్సరం ప్రాజెక్టు ఆ సర్వర్ మీదే చెయ్యాలి, చెయ్యకపోతే డిగ్రీ లేదు. అంటే ఆ పదకొండు నోట్‌బుక్కుల మీద నేనిచ్చిన మాట కూడా ఉంది.

ప్రాజెక్టుల నెలలో, సరిగ్గా వానలు పట్టుకున్నప్పుడు, సర్వర్ మొరాయించడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం రెండు గంటల క్లాసులో సగం మందికి నోట్‌బుక్ తెరుచుకునేది కాదు, తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయేది. ఫిర్యాదులు వెళ్ళాయి. విద్యార్థుల్లో ఎవరెవరి నోట్‌బుక్కులు ఎప్పటి నుంచి తెరిచి ఉన్నాయో జాబితా తెమ్మన్నారు విభాగాధిపతి. ముద్రించి ఇచ్చాను. అన్నిటికన్నా ముందు తెరిచినవి పదకొండు. అయిదింటికి, అయిదుంబావుకి, అయిదున్నరకి. తెల్లవారుజామున తెరిచి, ఒక్క వరుస కూడా నడపకుండా మధ్యాహ్నం దాకా అలాగే వదిలేసినవి. అవి మా పిల్లలవే.

ఆయన పెన్సిలుతో ఆ పేర్ల పక్కన నిలువుగా ఒక గీత గీశారు. ఇంటిపేరు చూస్తే మేమెవరమో ఈ ఊళ్ళో తెలిసిపోతుంది. అలవాటు లేనివాళ్ళకి సౌకర్యం ఇస్తే ఇలాగే ఉంటుందని మెల్లగా అన్నారు. వాళ్ళు పని చెయ్యరు, చేసేవాళ్ళని చెయ్యనివ్వరు, శుక్రవారం లోగా ఆ ఖాతాలు తీసెయ్యి, లాబ్ కంప్యూటర్ల మీద చేసుకుంటారు అన్నారు. నీ వాళ్ళు కదా, చూసీ చూడనట్టు ఊరుకున్నావు అని కూడా అన్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదని మనవాళ్ళనే మాట ఆయనకి తెలియదు కానీ, ఆయన భావం అదే.

నాకు ఒళ్ళు మండింది. కానీ కాగితం మీద ఉన్నది అబద్ధం కాదు. తెల్లారకముందే ఎందుకు తెరుస్తున్నారు, తెరిచి ఎందుకు వదిలేస్తున్నారు?

మర్నాడు పొద్దున్నే క్వార్టర్ల కుళాయి దగ్గరికి వెళ్ళాను, ఆ వేళకి పిల్లలందరూ దొరికేది అక్కడే కాబట్టి. మాకు నీళ్ళు వేళ ప్రకారం వస్తాయి. వంతు కోసం మనిషి నిలబడక్కర్లేదు. ఇటుక పెడితే చాలు. ఇటుక లేనివాళ్ళు విరిగిన బాల్చీ, తెగిన చెప్పు, ఏదో ఒకటి వరసలో పెట్టి పనులు చూసుకుంటారు. నీళ్ళొచ్చే వేళకి ఎవరి ఇటుక దగ్గరికి వాళ్ళు వస్తారు. పరాయి ఇటుకని కాలితో కూడా కదపరు. కదిపితే జరిగే యుద్ధం మూడు తరాలు గుర్తుంటుంది.

వరసలో నిలబడ్డ పదకొండు మందిలో అందరికన్నా పొడుగు పిల్ల ఒక చేత్తో బాల్చీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్లో నోట్‌బుక్ తెరిచింది. తెరుచుకుందని చూసుకుని, ఫోను చున్నీ కొంగులో ముడేసుకుంది.

"ఏటే, తెల్లారకుండా ఏటి రాస్తన్నావు?" అన్నాను.

"రాయట్లేదక్కా. ఇటుక పెట్టినాను."

నాకు అర్థం కాలేదని చూసి ఓపిగ్గా చెప్పింది. "రెండింటికి కిలాసుకెల్తే జాగా దొరకట్లేదు కదా. అందుకని పొద్దున్నే తెరిసి ఒగ్గేస్తన్నాం. అందరమూ."

నవ్వొచ్చింది. నవ్వుతూనే సగంలో ఆగిపోయాను. నోట్‌బుక్ ఎలా తెరవాలో నేర్పాను, ఎలా రాయాలో నేర్పాను. అక్కడ వరస ఉండదని, ముందు తెరిస్తే వంతు రాదని, తెరిచి వదిలేస్తే ఊరికే మెమరీ పట్టుకుని కూర్చుంటుందని ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని నాకే తట్టలేదు. జాగా దొరకదేమోనని వాళ్ళు ఇంకా ముందు తెరుస్తున్నారు. అలా తెరిచి ఉంచడం వల్ల ఉన్న జాగా కూడా కొంత తగ్గుతోంది. ఇంట్లో కుళాయి ఉన్నవాళ్ళకి ఈ తప్పు చెయ్యాలన్న ఆలోచన జన్మలో రాదు. మా పిల్లలు మాత్రమే చెయ్యగల తప్పు అది. దాన్ని ఒక మనిషి చల్లటి గదిలో కూర్చుని పెన్సిలు గీతతో బద్ధకం కింద జమకట్టేశాడు.

ఇంటికొచ్చి అమ్మకి జరిగిందంతా చెప్పాను. కుళాయి దగ్గర తగవులు తీర్చడంలో ఆవిడ మాట మా క్వార్టర్లలో ఇప్పటికీ చెల్లుతుంది. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విని, తలెత్తకుండానే అడిగింది.

"ఆడగుంటల బాల్చీలు సూసినాడు, బాగుంది. పెద్దోల్ల బాల్చీలు ఎంతెంతున్నాయో నువ్వు సూసినావేటి?"

చూడలేదు. ఎవరు ఎప్పుడు తెరిచారన్నది ముద్రించి ఇచ్చాను తప్ప, ఎవరు ఎంత మెమరీ పట్టుకున్నారన్నది నేనే చూసుకోలేదు. కాలేజీకి వెళ్ళగానే ఆ పని చేశాను. మా పదకొండు మందివీ కలిపితే గుప్పెడు కూడా లేదు. మెషీన్‌లో సగానికి పైగా ఒక్క నోట్‌బుక్ ఆక్రమించుకుని ఉంది. మూడు వారాల కిందట మొదలైన ఒక పెద్ద పరిశోధన లెక్క. అది ఎప్పుడో పూర్తయింది, ఫలితాలు కూడా ఫైల్లో దాచి ఉన్నాయి. ఆ నోట్‌బుక్ మూయడం మరిచిపోయి వెళ్ళిపోయినాయన మా విభాగాధిపతి.

ఆయన మీద కోపం వచ్చింది, దానికన్నా ఎక్కువ నా మీద వచ్చింది. కంచె చేను మేసిందని గోల పెట్టడానికి లేదు. ఆ కంచె కట్టింది నేనే. పెద్దవాళ్ళని పరిమితి లేకుండా వదిలేసింది నా వంగిన నడుమే. మా అమ్మ కుళాయి దగ్గర, ఊడ్చేవాళ్ళ చేత పని చేయించే సర్దారు పెళ్ళానికైనా వంతుకి ఒక్కటే బాల్చీ పట్టనిచ్చేది. ఆవిడ కూతురినైన నాకు ఇన్ని చదువులు చదివాక ఆ మాత్రం చేత కాలేదు. సిగ్గేసింది.

అందరికీ ఒకటే పరిమితి పెట్టాను. విద్యార్థి అయినా, మాస్టారయినా. గంటసేపు ఏ పనీ చెయ్యని నోట్‌బుక్ దానంతటదే మూసుకుపోతుంది, రాసింది మాత్రం పోదు. విభాగాధిపతి గారికి ముందే సందేశం పంపాను, జవాబు రాలేదు. ఫైలు భద్రంగా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే కొత్త నియమాన్ని అమల్లో పెట్టాను. లాగిన్ పేజీ మీద ఈ సంగతి బెంగాలీలో, ఇంగ్లీషులో, అడుగున తెలుగులో రాశాను. ఆ తెలుగు చదవగలిగేది కాలేజీ మొత్తంలో నేనొక్కదాన్నే. అయినా రాశాను. పిల్లలని పిలిచి ఇక ఇటుకలు పెట్టొద్దని విడమరిచి చెప్పాను. వాళ్ళు తలలు దించుకున్నారు. తలలెందుకు దించుతారని దానికి వేరే తిట్టాను.

శుక్రవారం నాడు పిలుపు వచ్చింది. గదిలో విభాగాధిపతితో పాటు కొత్తగా చేరిన లెక్చరర్ కూడా ఉన్నాడు. అడక్కుండా మాస్టార్లకి పరిమితి పెట్టడమేమిటన్నది మొదటి ప్రశ్న. ఆ పదకొండు పేర్లు ఇంకా ఎందుకున్నాయన్నది రెండోది. నేను ముద్రించుకెళ్ళిన కొత్త జాబితా బల్ల మీద పెట్టి ఇటుకల సంగతి మొదటి నుంచీ చెప్పాను. లెక్చరర్ నవ్వాపుకున్నాడు. ఆయన మాత్రం జాబితాలో తన పేరున్న వరుస దగ్గర కాసేపు ఆగి, కాగితం నాలుగు మడతలు పెట్టి పుస్తకం కింద దాచారు. అవన్నీ తర్వాత చూద్దాం, ముందు చెప్పిన పని చెయ్యి అన్నారు. అదే మెత్తటి గొంతు.

ఆ కాగితాన్ని మడవడం చూశాక నాలో ఏదో తెగిపోయింది. ఎప్పుడూ తడబడే మాట ఆ రోజు తడబడలేదు.

"నా చేత్తో తియ్యను సార్. మీకూ అడ్మిన్ హక్కులున్నాయి. మీరే తియ్యండి."

ఆయన కంప్యూటర్లోనే అడ్మిన్ పేజీ తెరిచి పెట్టాను. పేర్ల వరస, ఒక్కో పేరు పక్కన ఒక ఎర్ర బొత్తం. ఒకసారి నొక్కితే ఫోల్డర్ కూడా పోతుంది, తిరిగి రాదు, కాబట్టి తీసేముందు అందులో ఏముందో చూడాలని నియమం, అన్నాను. ఆ నియమం అప్పుడే పుట్టింది. మొదటి పిల్ల ఫోల్డర్ తెరిచి చూపించాను, రెండో పిల్లది చూపించాను. మూడోది ఆ పొడుగు పిల్లది. వాళ్ళ మేనత్త ఇల్లు హుగ్లీ ఒడ్డున గార్డెన్ రీచ్‌లో ఉంటే కిందటి వర్షాకాలమంతా అక్కడే ఉంది. ఆ సందులో నీళ్ళు ఏ రోజు ఎంతసేపు నిలిచాయో గుమ్మంలో నిలబడి రాసుకుని, దాని పక్కన హుగ్లీలో పోటు వేళలు పెట్టి గీత గీసింది. పోటు మీదుండగా వాన పడితే, నదిలోకి నీళ్ళు వదిలే తలుపులు మూసేస్తారు కాబట్టి, సందు సాయంత్రం దాకా మునిగే ఉంది. మిగతా రోజుల్లో గంటా రెండు గంటల్లో నీళ్ళు తీసేశాయి.

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ గీతని కింద దాకా చూశారు. ఈ అంకెలు ఎక్కడివని అడిగారు. ఆ అమ్మాయే కొలిచిందని చెప్పాను. లెక్చరర్ కుర్చీ వెనక్కి వచ్చి తొంగి చూశాడు. విభాగాధిపతి చెయ్యి మౌసు మీదే ఉంది. ఎర్ర బొత్తం పక్కనే ఉంది. నొక్కెయ్యొచ్చు కదా ఆయన, నొక్కితే నేను చేసేదేమీ లేదు. రెండేళ్ళ పని నేనే తెచ్చి ఆయన వేలి కింద పెట్టాను.

ఆయన చెయ్యి తీసేశారు. నేను క్లాసుకి వెళ్ళాక నువ్వే పూర్తి చెయ్యి, అన్నారు.

చెయ్యనన్నాను.

అయితే నీ సర్వీసు రిపోర్టులో రాయాల్సి వస్తుందన్నారు. రాయండి అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నా ఉద్యోగం మీద బతికే ఇల్లు నాది. ధైర్యంగా ఉన్నానని చెబితే అబద్ధం. భయపడుతూనే ఉన్నాను, తియ్యదల్చుకోలేదు, అంతే.

సోమవారం నాటికి పదకొండు పేర్లూ ఉన్నాయి. ఆయన నొక్కలేదు, ఇంకెవరూ నొక్కలేదు. రెండు గంటల క్లాసులో అందరి నోట్‌బుక్కులూ తెరుచుకున్నాయి. తర్వాతి వారం విభాగాధిపతి గారికి ఇంకొంచెం మెమరీ కావాలని లెక్చరర్ చేత కబురు వచ్చింది. అందరిలాగే పేజీలో అర్జీ పెట్టుకోమనండి అన్నాను. పెట్టారు. ఇచ్చాను, వారం రోజులకి. పదకొండు మందీ ప్రాజెక్టులు సమర్పించారు. ఒకమ్మాయి వేరే పేపరులో తప్పి మళ్ళీ రాస్తోంది, అది సర్వర్ వల్ల కాదు, లెక్కలంటే దానికున్న భయం వల్ల.

ఆ ఏడాది చివర నా రిపోర్టు వచ్చింది. ఆయన అన్న మాట నిలబెట్టుకున్నారు. రెండే వాక్యాలు: పనిలో సమర్థురాలు, పై అధికారుల మాట వినదు. కింద ఉద్యోగి అభ్యంతరాలు రాసుకోవడానికి ఖాళీ, దాని కింద సంతకానికి చోటు. బస్సులో వస్తూ వస్తూ ఆ ఖాళీలో రాయాల్సింది మనసులో నాలుగు పేరాలు సిద్ధం చేసుకున్నాను. మడిచిన కాగితం సంగతి, మూడు వారాల నోట్‌బుక్ సంగతి, ఏదీ వదల్లేదు. ఇంటికొచ్చి పెన్ను తీసుకుని కూర్చున్నాను. అమ్మ ఏటి రాసినాడని అడిగితే ఆ రెండో వాక్యం తెలుగులో చెప్పాను.

"అబద్ధమేటి?" అంది.

కాదన్నాను.

"మరింకేటి. సంతకం పెట్టీ."

అభ్యంతరాల ఖాళీని ఖాళీగానే వదిలేసి, సంతకం పెట్టాను.